నాగరాణి బ్యాగు బెల్టు

కండక్టర్ బ్యాగు వేసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. బెల్టు ఒక భుజం మీద నుంచి ఛాతీకి అడ్డంగా దిగి, సంచి అవతలి తుంటి దగ్గర ఆగాలి. మగవాళ్ళకు దాంతో ఏ పేచీ లేదు. ఆడ కండక్టర్‌కు మాత్రం ఆ బెల్టు సరిగ్గా రెండు రొమ్ముల మధ్య పడుతుంది. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కున్నా దాగేది దాగదు. అందుకే కుడి చేయి టిక్కెట్లు కొడుతుంటే ఎడమ మోచేయి ఎప్పుడూ ముందుకు మడిచి ఉంటుంది. ఎందుకో రద్దీ బస్సు ఎక్కిన ప్రతి ఆడదానికీ తెలుసు. చేతులు ఊరుకోని మగవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. 2001లో సూర్యాపేట డిపోలో చేరినప్పుడు నాగరాణి నేర్చుకున్న మొదటి పని టిక్కెట్ కొట్టడం కాదు, మోచేయి పెట్టడం.

ఆమెది మోతె పక్కన చిన్న పల్లె. తండ్రి బీరన్నకు గొర్రెల మంద. తల్లి బక్కమ్మ. ఇద్దరే బిడ్డలు. పెద్దది నాగరాణి, చిన్నది వసంత. చుట్టుపక్కల కురుమల్లో బీరన్నకు పొట్టేళ్ళను ఎంచడంలో పేరుంది. అంగడిలో అందరూ కొమ్ములు చూస్తారు, నడుం మీద చెయ్యేసి కండ చూస్తారు. బీరన్న అవేమీ చూడడు. “దీన్ని ఈనిన గొర్రె ఏది? దాని పొదుగు సూపియ్యి” అంటాడు. అమ్మేశామంటే ఎవరికి అమ్మారో కనుక్కుని ఆ ఊరికి నడిచిపోతాడు. పొదుగులో గడ్డ తగిలినా, ఒక చన్ను ఎండిపోయి ఉన్నా, పొట్టేలు ఎంత ఏపుగా ఉన్నా సరే వద్దంటాడు.

“బావా, నువ్వు పొట్టేలును కొంటున్నవా, దాని తల్లితోని వియ్యమందుతున్నవా?” అని అంగడిలో నవ్వేవాళ్ళు.

“మీ మందల పిల్లలు పాలు లేక సచ్చినప్పుడు నవ్వుర్రి” అనేవాడు బీరన్న.

నాగరాణి ఉద్యోగంలో చేరిన కొత్తలో కోదాడ సర్వీసు పడింది. కోదాడలో మేనత్త కొమురమ్మ ఉండేది. బీరన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. బస్సు అక్కడ ఆగే కాసేపట్లో మేనత్త బస్టాండుకు వచ్చి, కోడలికి టిఫిన్ డబ్బా ఇచ్చి పోయేది.

“ఏం కోడలా, ఖాకీ బట్టలేసుకుని పోలీసోళ్ళ లెక్క ఉన్నావే! మా అన్న నిన్ను చూస్తే గొర్లను ఇడిచిపెట్టి పారిపోతాడు” అనేది. ఇరవై ఏళ్ళు కోదాడలో ఉండి ఆమె మాట సగం అటు, సగం ఇటు అయింది.

ఒకరోజు కొమురమ్మ డబ్బా ఇవ్వలేదు. బస్టాండు వెనకకు తీసుకెళ్ళి కొంగు తీసి చూపించింది. ఎడమ రొమ్ము రాయిలా ఉంది. పైన చర్మం పగిలి రసి కారుతోంది. 

“ఎన్నాళ్ళ సంది అత్తా?”

“ఏడాది దాటింది. ఆకు పసరు కడుతున్నా. మీ నాయనకు చెప్పకు, పరేషాన్ అయితాడు.”

నాగరాణి ఆ వారమే తండ్రికి చెప్పింది. దవాఖానకు తీసుకెళ్ళారు. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఆ చలికాలం దాటలేదు కొమురమ్మ. నలభై నిండలేదు. వెనక పుష్ప అని ఒక ఆడపిల్ల మిగిలింది. ఆ పిల్లను తర్వాత పాలకీడులో ఇచ్చారు.

కొమురమ్మ చావును బీరన్న కోదాడ లెక్కలో రాసేశాడు. ఆ ఇంటి నీళ్ళు మంచివి కావన్నాడు, ఆ ఇంటి గాచారమన్నాడు. ఏడ్చాడు, దినాలకు పొట్టేలును పంపాడు, మందతో తిరుగుదారి పట్టాడు.

పదేళ్ళు గడిచాయి. నాగరాణికి పెళ్ళయింది, ఒక కొడుకు, ఒక కూతురు. భర్త శ్రీనాథ్ మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు, సూర్యాపేట నుంచి రోజూ పోయి వస్తాడు, వారానికి రెండుసార్లు ఆమెకు మిర్యాలగూడ డ్యూటీ పడితే పెళ్ళాం బస్సులోనే. వసంతను కూడా మిర్యాలగూడలోనే ఇచ్చారు. 2011లో వసంత కుడి రొమ్ములో గడ్డ దొరికింది. అప్పటికామెకు ముప్పై మూడు.

హైదరాబాద్ దవాఖానకు బీరన్న, అల్లుడు కలిసి తీసుకెళ్ళారు. నాగరాణికి సెలవు దొరకలేదు. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా?”

“మా ఇంట్ల ఎవ్వరికీ లేదు సారూ” అన్నాడు బీరన్న.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్క అది. ఆడపిల్లకు పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది. బీరప్ప పండగకు ఆమె పేరు మీద పుట్టింట్లో గొర్రెను కోయరు, అత్తగారింట్లో కోస్తారు. ఆమె చస్తే అంటు అక్కడిది. అలాంటప్పుడు ఆమె రోగం ఇక్కడిది ఎలా అవుతుంది? ఆ ఒక్క జవాబుతో ఇంకెవరినీ ఎవరూ ఏమీ అడగలేదు. వసంతకు ఆపరేషన్ చేశారు, మందులు ఎక్కించారు, జుట్టు పోయి మళ్ళీ వచ్చింది. పీడ పోయిందనుకున్నారు.

రెండేళ్ళకు ఎడమ రొమ్ములో కూడా వచ్చింది. ఈసారి నాగరాణి డ్యూటీ మార్చుకుని వెంట వెళ్ళింది. ఇప్పుడున్నది లేడీ డాక్టర్. పాత కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి, బీరన్న వైపు తిరిగింది.

“పెద్దాయనా, ఇంత చిన్న వయసులో రెండు వైపులా రావడం ఊరికే జరగదు. బాగా ఆలోచించి చెప్పండి. మీ ఇంట్లో ఎవరికీ లేదా?”

“లేదమ్మా. ఆనాడే జెప్పిన గద.”

“మా మేనత్త దీంతోనే పోయింది మేడం” అంది నాగరాణి.

బీరన్న కూతురివైపు కోపంగా చూశాడు. “అది కోదాడోళ్ళ ఇంటి మనిషి. దానికీ మనకూ ఏం సంబంధం?”

“ఆమె మీ తోడబుట్టిందేనా?” అంది డాక్టర్.

“ఒక్క తల్లి కడుపునే పుట్టినం.”

“మీ అమ్మగారు ఎలా పోయారు?”

  బీరన్న తువ్వాల మడత విప్పి, మళ్ళీ మడిచి, నేలను చూస్తూ చెప్పాడు.

“రొమ్ముల పుండు లేసింది. నేను అప్పుడు ఇంత పోరన్ని. కొమురమ్మ చంటిది. పాలియ్యరాలే. మేకపాలతోని సాదినం.” ఆగి, “మా అమ్మ గూడ మా ఇంటిది గాదు. ఆత్మకూరు దిక్కు పిల్ల” అన్నాడు.

 లెక్క ఇంత సులువు. వచ్చినవాళ్ళు బయటివాళ్ళు, పోయినవాళ్ళు బయటివాళ్ళు. ఇంట్లో మిగిలింది మగవాళ్ళే. మగవాళ్ళకు రాలేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ లేదు.

డాక్టర్ తిట్టలేదు. తల్లి వైపు నుంచి ఎంత వస్తుందో తండ్రి వైపు నుంచీ అంతే వస్తుందని, తండ్రి ఒంట్లో ఏమీ కాకుండా బిడ్డకు దిగొచ్చని చెప్పింది. వసంత రక్తం పరీక్షకు పంపింది. వారసత్వంగా వచ్చే దోషమేనని తేలింది. అక్కాచెల్లెళ్ళలో సగం మందికి ఉండే వీలుందన్నారు. నాగరాణి కూడా రక్తం ఇచ్చింది. ఆమెకూ ఉంది.

ఇప్పుడు ఆమె ముందున్నది ఒక్కటే సంగతి. ఒంట్లో రోగం లేదు. వచ్చే వీలు మాత్రం చాలా ఎక్కువ. ఇలాంటి ఆడవాళ్ళు వందమందిలో అరవై, డెబ్బై మందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందట. డాక్టర్ రెండు దారులు చెప్పింది. ఒకటి, ప్రతి ఏడాదీ వచ్చి స్కానింగులు తీయించుకోవడం. వస్తే మొదట్లోనే దొరుకుతుంది. రెండోది, రాకముందే రెండు రొమ్ములూ తీసేయడం. అప్పుడు రావడం చాలా అరుదు, పూర్తిగా రాదని మాత్రం రాసివ్వలేనంది. ఏ దారిలో పోయినా గర్భసంచి పక్కనుండే అండాశయాలను నలభై లోపల తీయించుకుంటే మంచిదంది.

“మీరైతే ఏం జేస్తరు మేడం?” అని నాగరాణి నేరుగా అడిగింది.

“నా ఒళ్ళు కాదమ్మా అది. రెండూ తప్పు కాదు. నువ్వు దేంతో బతకగలవో అది చెయ్యి.”

నాగరాణికి ఆ జవాబు నచ్చలేదు. డబ్బులిచ్చి సలహా అడిగితే ప్రశ్న తిరిగి చేతిలో పెట్టింది అనుకుంది.

స్కానింగు దారే పట్టింది. ఎవరైనా అదే పడతారు. ఏమీ లేని ఒంటిని కత్తికి ఇవ్వడమంటే మాటలా? మిషన్‌లో రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి ఫొటో తీశారు. గొట్టంలో బోర్లా పడుకోబెట్టి ఇంకోటి తీశారు. మర్నాడు ఫోన్ వచ్చింది. ఎడమ వైపు ఒక మచ్చ కనబడుతోంది, సూది పెట్టి ముక్క తీయాలి, రమ్మన్నారు. వెళ్ళింది. ముక్క తీశారు. రిపోర్టుకు వారం పైన పడుతుందన్నారు.

ఆ రోజుల్లో ఆమె బస్సులో ఉంది గానీ బుద్ధి బస్సులో లేదు. మునగాల దాటాక చెకింగ్ వాళ్ళు బస్సు ఆపారు. వెనక సీట్లో ముసలి ఆలుమగలకు టిక్కెట్ లేదు. డబ్బులు తీసుకుంది, టిక్కెట్ కొట్టలేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి.

“ఏమ్మా, సీనియర్ కండక్టర్‌వి, ఇదేం పని?” అన్నాడు చెకింగ్ ఆయన.

ముసలామె గట్టిగా అందుకుంది. “గీ బిడ్డను ఏమనకు సారూ. పైసలిచ్చినంక టిక్కెట్ అడగనిది మా ముసలోని తప్పు.”

“నా తప్పేందే? నువ్వు గాదా పైసలిచ్చింది!” అన్నాడు ముసలాయన.

బస్సంతా నవ్వారు. నాగరాణి నవ్వలేదు. మెమో తీసుకుని సంతకం పెట్టింది.

కోదాడలో టీ తాగుతూ డ్రైవర్ మల్సూర్ అడిగాడు. ఏళ్ళ తరబడి ఆమెతో ఒకే బస్సు నడిపిన మనిషి. “ఏమైంది చెల్లె? ఇంట్ల లొల్లా?”

ఆమె చెప్పింది. రొమ్ము అన్న మాటను మగవాడి ముందు అంత తేటగా పలకడం ఆమెకూ మొదటిసారే. మల్సూర్ గ్లాసు కింద పెట్టాడు. 

“నాకు దవాఖాన సంగతి తెల్వదు చెల్లె. డ్యూటీ సంగతి అడిగితే చెప్త. గీ చెకింగోళ్ళు ఎప్పుడు ఎక్కుతరో అని రోజూ గుండెలు అరచేతుల పెట్టుకునుడు ఒక తీరు. బండి కదలకముందే కింద నిలవడి అందరికీ కొట్టుడు ఇంకో తీరు. నువ్వు కొత్తల గట్లనే కొట్టేదానివి. అందరు తిట్టేటోళ్ళు, బండి లేటు చేస్తున్నదని.”

“గదీ గిదీ ఒకటా అన్నా?”

“ఒకటని నేనెక్కడన్న? టీ సల్లారుతుంది, తాగు.”

రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. మామూలు గడ్డ. శ్రీనాథ్ మిల్లు నుంచి మిఠాయి డబ్బా తెచ్చాడు. నాగరాణి ఆ డబ్బా విప్పలేదు.

“మళ్ళ ఏడాది గిదే ఉంటది. మచ్చ కనవడ్డదంటరు, సూది అంటరు. ఎన్నేండ్లు?” అంది.

“ఎన్నేండ్లయితే ఏంది? ఏం లేదని చెప్పిండ్రు గద.”

“ఈసారి లేదని చెప్పిండ్రు.”

శ్రీనాథ్‌కు అర్థమైంది. “రోగం లేనిదానికి కోయించుకుంటవా? ఆపరేషన్‌ల ఏమన్న అయితే నలుగురు ఏమంటరు? మంచిగున్న పెండ్లాన్ని తీస్కపోయి సంపుకొచ్చిండంటరు.”

“నలుగురి సంగతి తర్వాత. నీకేమన్న ఉంటే జెప్పు.”

 శ్రీనాథ్ రెండు రోజులు ఆ మాట ఎత్తకుండా మిల్లుకు పోయి వచ్చాడు. మూడోనాడు బస్సు దిగుతూ, మెట్టు మీద నిలబడి, జనం తోస్తుంటే అన్నాడు: “నాకు భయమైతుంది, గంతే. ఇంకేం లేదు. నీ ఇష్టం.” మంచి మాట చెప్పడానికి మగవాడికి అంతకన్నా మంచి చోటు దొరకలేదు.

వసంతను చూడడానికి మిర్యాలగూడ వెళ్ళింది. వసంత నెత్తికి రుమాలు కట్టుకుని మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“అక్కా, నన్ను సూసి భయపడి కోయించుకుంటవా, నన్ను సూసి ధైర్యం తెచ్చుకోని ఊకుంటవా? ముందు గది తేల్చుకో” అంది.

“నిన్ను సూస్తే రెండూ అయితయి.”

“నాదైతే రోగం వచ్చినంక తీసిండ్రు. నేను అడిగిన్నా, వాళ్ళు అడిగిండ్రా? నిన్ను అడుగుతున్నరు. గదొక్కటే తేడా.” చిక్కుడుకాయ గిన్నెలో వేసి మళ్ళీ అంది, “మా ఆయన ముందు జర ఏడుపు మొఖం పెట్టకు. ఆయన ఏడిస్తే నేను వంట చెయ్యాల్సొస్తది.”

ఆ రోజే నాగరాణి తేల్చుకుంది. రొమ్ములు తీయించుకుంటుంది. అక్కడి నుంచి మోతె దారి పట్టింది. చెప్పకుండా చేయించుకునే పని కాదిది, తల్లి తోడు కావాలి.

బక్కమ్మ విని నోరు నొక్కుకుంది. బీరన్న గొంతు లేచింది.

“నీకు మతి పోయిందే? మంచిగున్న గొర్రె పొదుగు కోసే కురుమోడు ఎక్కడన్న ఉన్నడా? రోగమొస్తే సూసుకుందం. అయినా ఎవరో డాక్టరమ్మ చెప్తే మా ఇంటికి రోగం అంటగడ్తరా? రేపు పుష్పకు తెలిస్తే దాని అత్తగారింట్ల ఏమైతదో ఎరుకేనా? ఈ ముచ్చట గీడనే ఖతం చెయ్యి.”

నాగరాణి కోప్పడలేదు. దొడ్డివైపు చూసింది. కొత్తగా తెచ్చిన పొట్టేలు కట్టేసి ఉంది.

“దాన్ని యాడ కొన్నవ్ నాయినా?”

“అంగట్ల.”

“దాని తల్లిని సూసినవా?”

“సూడక కొంటనా? రెండు చేతులు మారింది ఆ గొర్రె. పాలకీడు దాంక పోయి సూసొచ్చిన.”

“రెండు చేతులు మారినంక అది వాళ్ళ గొర్రెనే గద. దానికీ ఈ పొట్టేలుకూ ఏం సంబంధం?”

బీరన్న పొట్టేలువైపు తిరిగాడు.

“గొర్రెను అమ్మితే మంద మారుతది. జాతి మారుతదా నాయినా?” అంది నాగరాణి. “పొట్టేలుకు పొదుగు ఉండదు. అయినా నువ్వు పొదుగే అడుగుతవ్. నలభై ఏండ్ల సంది అడుగుతున్నవ్.”

ఆయన కర్ర తీసుకుని మందవైపు వెళ్ళిపోయాడు. పొద్దు వాలేదాకా రాలేదు. బక్కమ్మ మాత్రం చీరలు సంచిలో సర్దుకుంది. “పోదాం పాయె. ఆయన్ను అడిగితే మనం ఎప్పుడన్న ఏమన్న జేసినమా?” అంది.

2014 ఎండాకాలంలో ఆపరేషన్ అయింది. రెండు పక్కలా గొట్టాలు, వాటికి వేలాడే సీసాలు. చేతులు పైకి లేవలేదు. దువ్వెన పట్టుకోలేక బక్కమ్మతో జడ వేయించుకుంది. మొదటిసారి అద్దంలో చూసుకున్నప్పుడు ఏడ్చింది. ఆ తర్వాత కూడా కొన్నిసార్లు ఏడ్చింది. రొమ్ముల చోట జాకెట్టు లోపల పెట్టుకునే దూది దిండ్లు దవాఖానలో చూపించారు. ఇప్పుడే వద్దంది. తీసిన వాటిని పరీక్షకు పంపితే రోగం ఏమీ లేదని వచ్చింది. శ్రీనాథ్ తల్లి అదే పట్టుకుంది, “ఏం లేదనే గద వచ్చింది, మరెందుకు తీసినట్టు?” అని. నాగరాణి జవాబు చెప్పడం మానేసింది. ఏమీ లేనప్పుడు తీయడమే ఆ ఆపరేషన్. ఆ ముక్క ఎంత చెప్పినా ఎక్కనివాళ్ళకు ఎక్కదు.

కూతురు కరుణకు పదకొండేళ్ళు. ఒకరోజు నేరుగా అడిగింది, “నాగ్గూడ ఉంటదా అమ్మా?”

“ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పెద్దగైనంక నువ్వే పరీక్ష చేయించుకుంటవ్. చేయించుకోనంటే గూడ నీ ఇష్టం. అప్పటికి నేనుంట, అడుగు.”

‘అప్పటికి నేనుంట’ అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే వింతగా అనిపించింది. ముందు ఆ మాట అనేది కాదు.

వానలు మొదలయ్యాక మళ్ళీ డ్యూటీలోకి వచ్చింది. మొదట కొన్నాళ్ళు కౌంటర్లో కూర్చోబెట్టారు. తర్వాత హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ సర్వీసు. ఆ బస్సుకూ డ్రైవర్ మల్సూరే. బ్యాగు భుజాన వేసుకుంటే సంచి తుంటి దాటి కిందికి జారింది. బెల్టు లూజైంది. డిపో గేటు దగ్గర నిలబడి బకిల్ విప్పి ఒక రంధ్రం బిగించింది. సంచి దాని చోటికి వచ్చింది. రద్దీలో ఎడమ మోచేయి మాత్రం అలవాటుగా మడిచే ఉంది. అది ఎప్పుడు దిగుతుందో ఆమెకు తెలియదు. అండాశయాల ఆపరేషన్ ఇంకా మిగిలే ఉంది. వచ్చే ఏడు చేయిద్దామంది డాక్టర్.

ఒకనాడు మిర్యాలగూడ నుంచి తిరిగి వస్తుంటే హుజూర్‌నగర్ బస్టాండులో జనం ఎక్కారు. టిక్కెట్లు కొట్టుకుంటూ వెనక్కి వస్తే కిటికీ పక్కన బీరన్న. నెత్తికి తెల్ల తువ్వాల, చేతిలో కర్ర. పక్కన పుష్ప. మేనత్త ముక్కు, మేనత్త నుదురు. ఒళ్ళో సంచి పట్టుకుని బెదురుగా కూర్చుంది.

“యాడికి నాయినా?”

“పట్నం పోవాలె. సూర్యాపేట దాంక రెండు కొట్టు. ఆడినుంచి వేరే బస్సు ఎక్కుతం.”

“పట్నంల ఏం పని?”

బీరన్న చుట్టూ చూశాడు. బస్సు నిండుగా ఉంది. అయినా గొంతు తగ్గించలేదు.

“నువ్వు పోయిన డాక్టరమ్మ కాడికే. నెత్తురు పరీక్ష చేయించాలె ఈ పిల్లకు. వాళ్ళ అత్తగారింట్ల నేనే కూసోని చెప్పిన. ఒక పూటంత లొల్లి చేసిండ్రు, సప్పుడు చెయ్యకుంట ఇన్న.” కర్రను కాళ్ళ మధ్య సర్దుకున్నాడు. “ఆమె అడుగుతది గద, ఇంట్ల ఎవరికన్న ఉందా అని. దీనికి ఏం జెప్పాల్నో తెల్వదు. దీని తల్లి మా ఇంటి పిల్ల. నేను జెప్పాలె.”

నాగరాణి రెండు టిక్కెట్లు కొట్టి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన బొడ్డు సంచి విప్పబోతే ఆపి, తన జేబులోంచి డబ్బులు తీసి బ్యాగులో వేసింది. ముందు నుంచి మల్సూర్ కేకేశాడు.

“రైటేనా చెల్లె?”

“ఆగన్నా, ఇంకా ఇద్దరున్నరు” అని ఆమె వెనక సీటు వైపు నడిచింది.